నా పళ్ళు చూసిన పెళ్ళిచూపులు

పెళ్ళిచూపుల్లో అమ్మాయిని చూసి వచ్చినవాళ్ళు లెక్కలేనంతమంది. నోరు తెరిచి పళ్ళు చూపించి వచ్చినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. ఆ పరువునష్టం ఎలా జరిగిందో చెబుతాను. తప్పు నాది కాదని ముందే మనవి. కాదు నాదేనని చివర్లో మీరంటే, మీ పేరు కూడా గుర్తుపెట్టుకుంటాను.

తొంభైల చివర మహదేవపురలో నేనూ ఓబులేసూ ఒకే గదిలో ఉండేవాళ్ళం. వాడు రోజుకు రెండుసార్లు పళ్ళు తోముకునే రకం. ఒకరోజు పొద్దున్నే నాతో అన్నాడు: "రాత్రి కూడా తోముకోప్పా. పొద్దున నీతో మాట్లాడాలంటే కిటికీ తెరవాల్సొస్తాండాది."

ఎంత మాట! అది మంగళవారం. వాడి చొక్కా ఆకుపచ్చ గళ్ళది. అంత బాగా గుర్తు.

"నా పళ్ళు, నా ఇష్టం," అన్నాను.

ఆ పంతంతో నాలుగేళ్ళు పడుకునేముందు బ్రష్షు ముట్టలేదు. పైగా వాడు చూస్తుండగా క్రీం బిస్కెట్లు తిని, చక్కెర దండిగా వేసిన పాలు తాగి దుప్పటి కప్పుకునేవాణ్ణి. వాడిమీద కోపం నా పళ్ళమీద తీర్చుకుంటున్నానని తట్టనే లేదు.

పొద్దున మాత్రం మాడిన గిన్నె తోమినట్టు పదినిమిషాలు తోమేవాణ్ణి. ఆ ధీమాతోనే కె.ఆర్.పురంలో పళ్ళ డాక్టరమ్మతో పోట్లాడాను.

"నాలుగు పుచ్చిపోయాయి. మీ వయసెంత?"

"ఇరవై తొమ్మిది. పుచ్చడానికి ఇదొక వయసా? సరిగ్గా చూడండి."

"రాత్రి తోముకుంటారా?"

"మిమ్మల్ని ఓబులేసు పంపాడా?"

సిమెంటు పెట్టించుకోకుండానే లేచి వచ్చేశాను.

ఆ ఆదివారమే కాడుగోడిలో పెళ్ళిచూపులు. పుచ్చులో లవంగం కుక్కుకుని అక్కతో వెళ్ళాను. మూడు తరాలుగా అక్కడే ఉన్న తెలుగు కుటుంబం. అమ్మాయి తల్లి నెయ్యి కారుతున్న ఒబ్బట్టు చేతిలో పెట్టింది.

"తినప్పా, మా మంజుల చేసిండేది."

వద్దంటే సంబంధమే వద్దన్నట్టు. కొరికాను. బెల్లం పూర్ణం నేరుగా గుంతలోకి దిగింది. దవడలో ఎవరో బోరుబావి తవ్వుతున్నట్టుంది. సరిగ్గా అప్పుడే మంజుల వచ్చి ఎదురుగా కూర్చుంది. నేను కళ్ళు మూసుకుని, మూతి బిగించి, కొయ్యబొమ్మలా ఉన్నాను.

"ఏదైనా అడగరా," అని అక్క మోచేత్తో పొడిచింది.

"ఊఁ," అన్నాను.

కాసేపటికి ఇద్దరినీ పెరట్లోకి పంపారు, మాట్లాడుకోమని. మంజుల నేల చూస్తూ మెల్లగా అంది: "నేను నచ్చలేదు కదండీ? నచ్చకుంటే ఇక్కడే చెప్పేయండి. పోయినసారి వచ్చినవాళ్ళు తాత ముందరే చెప్పినారు. ఆయన రెండు దినాలు అన్నం తినలేదు."

నాకు జరిగిన అవమానాలన్నీ ఆ మాట ముందు చిన్నబోయాయి. ఇంక దాచలేక నోరు తెరిచి వేలు పెట్టి చూపించాను.

"మీరు నచ్చారు. ఒబ్బట్టూ నచ్చింది. పన్నే ఒప్పుకోవడం లేదు."

ఆమె ఒక్క క్షణం చూసి, కొంగు అడ్డం పెట్టుకుని కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది. తర్వాత నా గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. "ఇంకా తెరవండి. అబ్బ, దీని పక్కది కూడా పోయిండాదే!"

ఆ చేతిలో యాలకుల వాసన. నొప్పి సంగతి మరిచిపోయాను. వెనకాల గుమ్మంలో తాత నిలబడ్డాడని కూడా చూసుకోలేదు.

"ఏమమ్మా, సంతలో ఎద్దుకు మాదిరి పళ్ళు చూస్తాండావు?"

ఎద్దు! ఆయన వెనక మా అక్క, వాళ్ళమ్మ, గోడమీంచి పక్కింటివాళ్ళు. నేనేమో నోరు తెరుచుకునే ఉన్నాను. ఆ మాట ఈనాటికీ మరవలేదు.

"ఎట్లుండాడు?" అన్నాడు తాత.

"నాలుగు పుచ్చినాయి తాతా. మిగిలినవి దినామూ పండుకునేముందు నేను దగ్గరుండి తోమిస్తాలే."

తాతకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక ఇంట్లోకి కేకేశాడు: "అల్లుడికి ఇంకో ఒబ్బట్టు తీసుకురాండమ్మా!"

తిన్నాను. ఎడమవైపు.

కాబట్టి పాఠకుల సాక్షిగా ఒట్టేస్తున్నాను: ఇకమీదట పుచ్చుపళ్ళతో ఏ పెళ్ళిచూపులకూ వెళ్ళను.

భుజం మీదుగా ఇది చదివిన మంజుల, "అంటే, మంచి పళ్ళతో అయితే పోతావా?" అంటోంది. ఒట్టు సవరించాను. అసలే వెళ్ళను.