ఐదు పాయింట్ పది

కంప్యూటర్ గదిలోకి చెప్పులు బయట విడిచి వెళ్లే రోజులవి. ఆ తెర వెనక ఏదో దైవం కొలువుందని నమ్మే వయసు నాది. డిగ్రీ అవగానే కంచరపాలెంలో పెళ్లి సంబంధాల వెబ్‌సైట్ నడిపే ఓ ఆఫీసులో చేరాను. ఆఫీసంటే మేడ మీద ఒక గది, కిటికీ అవతల రైలు పట్టాలు. వధూవరుల వివరాలు టైపు చేస్తూ చేస్తూ, గూడ్సు బండి కనపడితే వేళ్లు ఆగిపోయి, ఆ డబ్బాల వెంట నేనూ ఎటో వెళ్లిపోయేవాణ్ణి. (అయినా ఉద్యోగం ఊడలేదంటే అప్పటి మనుషుల మంచితనమే.) సాయంత్రం ఉక్కునగరంలోని మా క్వార్టర్‌కి చేరాక మాత్రం, కంప్యూటర్ తప్పు చెయ్యదని అమ్మకీ నాన్నకీ రోజూ ఉపన్యాసమే.

మా అక్కది ఐదడుగుల పది అంగుళాల ఎత్తు. టౌన్‌షిప్ వాలీబాల్ జట్టుకి అది వరం. పెళ్లి మాటలకొచ్చేసరికి అదే అడ్డం. ఎత్తు అడిగేవారు, మళ్లీ కబురు చేస్తామనేవారు, అంతే. ఒక్కరూ మా గుమ్మం దాకా రాలేదు. అక్క నడిచేటప్పుడు భుజాలు కొంచెం వంచడం మొదలుపెట్టింది. అది చూడలేక, ముఖం మాత్రమే కనిపించే ఫోటోతో అక్క వివరాలు మా సైట్లో పెట్టాను. వారం తిరక్కుండా సంబంధాలే సంబంధాలు. అమ్మ నా కంచంలో రెండో చేప ముక్క వెయ్యడం మొదలుపెట్టింది. పోర్టులో పనిచేసే ఒకబ్బాయి తల్లితో కలిసి ఆదివారం చూడ్డానికి వస్తానని కబురు పంపాడు.

ముందురోజు శనివారం మధ్యాహ్నం ఆఫీసులో మురిపెంగా అక్క పేజీ తెరిచాను. ఎత్తు దగ్గర ‘ఐదడుగుల ఒక అంగుళం’ అని ఉంది. నేనే తప్పు కొట్టానేమోనని 5.10 అని మళ్లీ కొట్టాను. మళ్లీ 5.1 అనే చూపించింది. ఆ సైట్ కట్టిన మా సీనియర్ని (సర్వర్ సారు అనేవాళ్లం) పిలిస్తే, టీ గ్లాసుతో తాపీగా వచ్చి చూశాడు. ఎత్తుని ఆయన దశాంశ సంఖ్యగా దాచాడట.

“దానికి అడుగులేటి తెల్సు, అంగుళాలేటి తెల్సు తమ్ముడూ? పాయింటు తర్వాత ఆఖర్న సున్నా ఉంటే తీసి పారేస్తాది,” అన్నాడు.

వెతికి చూస్తే మా సైట్లో ఐదడుగుల పది అంగుళాల వాళ్లందరూ అలాగే కుదించుకుపోయి ఉన్నారు. సోమవారం మార్చేద్దాం, ఎత్తంతా అంగుళాల్లోనే లెక్కేసి పాయింటు లేని అంకెగా పెడదాం, అప్పుడు ఊడిపోవడానికి ఏమీ ఉండదు అన్నాడాయన. సోమవారం సరే, ముందు ఆదివారం వస్తోంది కదా. బస్సులో ఇంటికొస్తుంటే ఉక్కు ఫ్యాక్టరీ గొట్టాల మీద ఆకాశం ఎర్రగా మెరుస్తోంది. ఆ వెలుగులో నిలువెత్తు మనుషులందరూ పొట్టిగా అయిపోయి, ఒకరి వెనక ఒకరు మా సర్వర్‌లోకి నడిచి వెళ్తున్నట్టు అనిపించింది.

ఇంటికెళ్లి ముందు అక్కకే చెప్పాను. వాళ్లకి ఫోన్ చేసి చెప్పేస్తానన్నాను. అక్క తల అడ్డంగా ఊపింది.

“వద్దురా. ఇన్నాళ్లూ అందరూ అంకె సూసే ఎల్పోయేరు. ఈళ్లనైనా రానీ. వచ్చి నన్ను సూడనీ. నిజం మనవే సెప్దాం,” అంది.

మర్నాడు వాళ్లొచ్చారు. అబ్బాయి అక్క ముక్కు దాకా ఉంటాడేమో. అక్క కాఫీ పట్టుకుని నిటారుగా నడిచొచ్చింది. ఆమెతో పాటే పెద్దావిడ తల పైకి లేస్తూ పోయింది.

“ఏటి బాబూ, ఐదూ ఒకటని రాసేరు గదా?” అందావిడ.

నేను లేచి పాయింటు గురించీ, విలువ లేని సున్నా గురించీ చెప్పడం మొదలుపెట్టాను. చెప్పేకొద్దీ అది నాకే అబద్ధంలా వినిపించసాగింది. నాన్న నేలకేసి చూస్తున్నారు. ఆ అబ్బాయి మాత్రం అంతా శ్రద్ధగా విన్నాడు.

“మరి నాది ఎంతని పడింది?” అని అడిగాడు.

“ఐదూ నాలుగండి.”

“అది కరెక్టే,” అన్నాడు దిగులుగా. “అదైనా తప్పు పడుంటే బాగుణ్ణు.”

అక్క నవ్వేసింది. చేతిలో పళ్లెం వణికి కాఫీ ఒలికేంతగా నవ్వింది. అతను సిగ్గుపడుతూనే ఆ నవ్వుని చూస్తూ ఉండిపోయాడు. వెళ్లేటప్పుడు తనకి ఇష్టమేనని నాన్నతో చెప్పాడు. పెద్దావిడకే కొన్నాళ్లు పట్టింది. మధ్యలో ఒకసారి ఒక్కతే వచ్చి, అక్కని పక్కన కూర్చోబెట్టుకుని మధ్యాహ్నమంతా కబుర్లు చెప్పి వెళ్లింది. (కూచుంటే సమానంగానే ఉన్నారని ఇంట్లో చెప్పిందట.)

పెళ్లిలో ఫోటోగ్రాఫరు బావ నిలబడ్డానికి పీట తెచ్చాడు. బావ దాన్ని పక్కకి జరిపేసి, కెమెరా సంగతి మరిచిపోయి, తలెత్తి అక్కని చూస్తున్నాడు. అప్పుడే తీసిన ఫోటో ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. వెనక వరసలో నేనూ ఉన్నాను. పక్క పాపిడి, కొత్త చొక్కా, లోకంలోని కొలతలన్నీ నేనే సరిచేసి వచ్చినట్టు విరుచుకున్న ఛాతీ. ఆ ఫోటోలోని కుర్రాణ్ణి చూసినప్పుడల్లా నవ్వొస్తుంది. ఎందుకో, కాసేపు వాడి పక్కన నిలబడి రావాలనీ అనిపిస్తుంది.