అవ్వ మూయనివ్వని తూము

నా చిన్నప్పుడు మా అవ్వ అందరికన్నా ముందు లేచి, మొహమైనా కడుక్కోకుండా ఒక సాలెగూడును చూసి వచ్చేది.

మాది కేజీఎఫ్‌లో బంగారు గని కూలీల కోసం కట్టిన లైన్ ఇల్లు. వెనకాల ముళ్ళకంపలు, అవి దాటితే బంగారం తీశాక మిగిలిన మట్టి పోసిన సైనైడ్ దిబ్బ. గని మూతపడ్డాక కంపలు మా గోడదాకా పాకాయి. వెనకగదిలో, నేలకు ఆనుకొని, ఒకప్పుడు నీళ్ళు పోయిన తూము ఎండిపోయి ఉండేది. దాని నోటికి అడ్డంగా సాలెపురుగు గూడు కట్టుకుంది. దాన్ని చూస్తే నాకు ఒళ్ళు జలదరించేది. అవ్వ మాత్రం చీపురును ఆ మూలకు పోనిచ్చేది కాదు.

"ఏం మ్మా, నీ వాచ్‌మన్ డ్యూటీలో ఉండాడా?" అని నాన్న ఎగతాళి చేసేవాడు.

"ఉండాడప్పా. మీ గని గేటు కాడోళ్ళ మాదిరి నిద్రపోడు," అనేది అవ్వ.

మా అత్త పురిటికి వచ్చి, బిడ్డకు ఇంకా పేరు కూడా పెట్టని రోజులవి. ఒక పొద్దున అవ్వ ఎంతసేపటికీ తూము దగ్గర నుంచి లేవలేదు. వెళ్ళి చూశాను. గూడు చిరిగిపోయి ఉంది. తెగిన పోగులు ఇంటి లోపలికి వేలాడుతున్నాయి. అంటే రాత్రి ఏదో లోపలికి దూరింది.

అవ్వ అరవలేదు. ముందుగదిలోకి వచ్చి, చీర ఉయ్యాలలో నిద్రపోతున్న బిడ్డను ఎత్తుకుంది. "అందరూ బయటికి నడవండి, మెల్లిగా," అంది. ఉయ్యాల కింద బిడ్డ గుడ్డల మూట ఉంటే నేను తీసుకోబోయాను. అవ్వ నా జబ్బ పట్టి లాగింది.

"గుడ్డలు ఉండనీ పాపా. బిడ్డ వచ్చింది కదా, చాలు."

తరువాత తను ఒక్కతే లోపలికి వెళ్ళి, వెనకగది నుంచి గడపదాకా నేలంతా రాగిపిండి పలచగా చల్లుకుంటూ వచ్చి తలుపు వేసింది. ఆ పగలంతా వీధిలోనే కూర్చున్నాం. అత్త బిడ్డకు పాలిస్తూ కూడా తలుపు మీది నుంచి చూపు తిప్పలేదు.

పొద్దు వాలాక అవ్వ తలుపు తీసింది. పిండిలో నా బొటనవేలంత లావు గీత, పాము పాకినట్టు వంకర్లు తిరుగుతూ పోయింది. గుడ్డల మూట దగ్గర మొదలై తూములో ముగిసింది.

నాన్న తూము దగ్గర వంగి చూశాడు. "ఇంగ ఆ బొక్కకు సిమెంటు పెట్టేస్తా. నువ్వు అడ్డం రావద్దు మ్మా."

"మూస్తే రాకుండా పోతుందా అప్పా? ఇంగో దోవ చూసుకుంటుంది. ఆ దోవ యాడుండాదో నాకు తెలీదే."

నాన్న సిమెంటు తేలేదు. కొన్నాళ్ళకు గూడు తిరిగి నిండుగా కనిపించింది. ఆ రాత్రే అత్త కంటినిండా నిద్రపోయింది.

అవ్వ పోయాక ఇల్లు బాగుచేయించి, తూమును పూడ్చేశారు. ఇప్పుడు అక్కడ గోడ నున్నగా ఉంది. మారికుప్పంలో రైలు అందుకోవడానికి చీకటితోనే లేచే నేను, అలవాటు కొద్దీ ముందు ఆ మూలకే వెళ్తాను. చూడడానికి ఏమీ ఉండదు. కంపలు మాత్రం అలాగే ఉన్నాయి.

ఆనాటి బిడ్డ సెలవులకు మా ఇంటికి వస్తుంది, నేల మీదే పడుకుంటానంటుంది. దాని పక్క నేనే దులిపి వేస్తాను, దుప్పటి మడతలన్నీ విప్పి, రెండోసారి కూడా. అది నవ్వుతుంది. పాము ఏ దోవన వస్తుందో ఇప్పుడు మా ఇంట్లో ఎవరికీ తెలియదు.