రాజయ్య బిడ్డ పేరు

నలభై ఏండ్లకు పైనే మోస్తున్న దీన్ని. ఇంట్ల ఎవ్వరికీ చెప్పలే. మీరు నన్నెరుగరు, నేను మిమ్ముల నెరుగ. అందుకే చెప్పబుద్ధయితున్నది.

దుబాయ్ దిక్కు ఖోర్ ఫక్కాన్‌ల ఓడరేవు పని నడుస్తున్న రోజులు. సైటాఫీసుల చాయ్ పెట్టేటోణ్ణి. నేనక్కడికి పోయిన మూడో నెలల ఇంటి నుంచి ఉత్తరమొచ్చింది. నాకు బిడ్డ పుట్టిందట, పేరు పెట్టకముందే పోయిందట. రెండు మాటలూ ఒక్క కాగితం మీదనే. ఏడ్వలే. సముద్రం మీద తెల్లటి మబ్బు దిగినట్టు, ఆ దినాలల్ల ఏది దగ్గరో ఏది దూరమో తెలిసేది కాదు.

ఆఫీసుల ఇటలీ ఇంజనీరొకాయన ఉండె. చాయ్ తాగుకుంట పాత రోమ్ ముచ్చట్లు చెప్పేటోడు. అక్కడ పసిగుడ్డును నేల మీద పెడ్తుండిరట. తండ్రి వంగి ఎత్తుకుంటేనే ఆ ఇంటి బిడ్డ. ఆడపిల్లకు ఎనిమిదో దినం పేరు. నాకొచ్చిన ఇంగ్లీషుకు అంతే తెలిసింది. అప్పటిసంది కండ్లు మూస్తే నేల మీద ఒక పసిబిడ్డ కనపడేది. వంగేటోణ్ణి. చేతులు అందకపోయేటివి. మనసులనే దానికి పేరు పెట్టుకున్న. సుజాత.

క్యాంపుల నా పక్క మంచం రాజయ్యది. ఆయనకు చదువు రాదు. ఆయన ఉత్తరాలు నేనే రాసేది, వచ్చినవి నేనే చదివేది. ఆయనకూ బిడ్డ పుట్టింది. పేరు పంపితే తొట్టెల చేస్తమని భార్య లక్ష్మి రాయించింది. ఓ శుక్రవారం మధ్యాహ్నం, "మా అవ్వ పేరు రాయి తమ్మీ, నర్సవ్వ" అన్నడు. ఆ తల్లి చచ్చిపోతే కఫీల్, అదే పనికి పెట్టుకున్న అరబ్బు, ఇంటికి పంపకపోయె, ఆఖరు చూపు దక్కలేదాయనకు.

నేను సుజాత అని రాసిన.

ఎందుకు? చెయ్యి దానంతటదే రాసిందందునా? అబద్ధం. తెలిసే రాసిన. యాడనో ఒక ఇంట్ల ఎవరో ఆ పేరు పిలవాలె, ఒక పిల్ల పలకాలె అనిపించింది. తర్వాత లక్ష్మి ఉత్తరాలల్ల సుజాత అని ఉన్న కాడల్లా నర్సవ్వ అని చదివిన, ఆయన నర్సవ్వ అన్న కాడల్లా సుజాత అని రాసిన. నర్సవ్వకు పండ్లొచ్చినయట, నడుస్తున్నదట. రాజయ్య నవ్వుకునేటోడు.

రెండేండ్లకు సెలవు మీద పోయొచ్చిండు. మొఖం వాడిపోయి ఉన్నది.

"మీ వదిన మా అవ్వ పేరు పెట్టనే లేదు తమ్మీ. సుజాత అని పెట్టింది. నువ్వే అట్ల రాసినవంటది. కాగితాలేవంటే అన్నీ వానకు నానిపోయినయంటది. ఉత్తరాలల్ల మాత్రం నర్సవ్వ అని రాయించి నన్ను నమ్మిచ్చింది."

నేను మంచం మీది దుప్పటి మడత పెట్టబట్టిన.

"నువ్వు నర్సవ్వ అనే రాసినవు గదా?"

"అవునన్నా."

"నాకెరుకే. సెలవంత మీ వదినతోని మాట్లాడలే."

అప్పుడన్న చెప్పొచ్చుండె. పక్కపక్క మంచాలు. పేరు మార్చింది దుఃఖమని మీరు నన్ను సముదాయిస్తరేమో. మరి ఆ "అవునన్నా" ఏంది? అది దుఃఖం కాదు, పిరికితనం. నెలకోమాటు రాయించే ఉత్తరం ఆయన పండుగకోటి చేసిండు. నేను రాస్ అల్ ఖైమాకు పని మారి పోయిన.

రాజయ్య లేడిప్పుడు. ఆఖరుదాకా లక్ష్మిని మనసారా నమ్మలేదని విన్న. ఆమె ఉన్నదట, బిడ్డ దగ్గర. ఆమె ముందట నిలబడే ధైర్యం నాకింకా రాలే, వస్తదనీ అనుకోను. కానీ ఒక్కమాటన్న ఇయ్యాల బయట పెడుతున్న, నిజంగ జరిగినట్టే.

లక్ష్మి అబద్ధమాడలే. ఆ పేరు రాసింది నేను.