వెనకసీటు పరీక్ష

మామగారు మొదలుపెట్టిన పని ఏదీ పూర్తికాదు. పొరపాటున పూర్తయినా ఆయన ఒప్పుకోరు. కోడలి కారులో పాడైన ఏసీ వారం దాటినా ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

కోడలు ఇంట్లో కేకులు చేసి, కారులో తీసుకెళ్లి అందించి వస్తుంది. దారిలో క్రీము కరిగితే ఆమె వ్యాపారమూ కరిగినట్టే. మెకానిక్‌కి చూపిస్తానంటే మామగారు అంతెత్తున లేచారు.

"చిన్నప్పుడే మా బడి గంట బాగుచేసినవాణ్ణి! నాకు మెకానిక్కా?"

"గంటలో బాగుచేయడానికి ఏముంటుంది మామయ్యా?"

"తెలియనివాళ్లకి ఏమీ కనబడదమ్మా!"

మొదటిరోజే ఆయన కోడలి ఓవెన్ చేతితొడుగులు తొడుక్కుని, ఇంజను ఆన్ చేయించి, ఏసీ గొట్టానికి మీటరున్న గ్యాసు డబ్బా బిగించారు. మీటరు ముల్లు పచ్చగీత మీదికి వచ్చింది. గాలి మంచులా తగిలింది. కోడలు చప్పట్లు కొట్టింది. ఆయన పెదవి విరిచారు.

"ముల్లుదేముంది? మనిషి చెప్పాలి. అక్కయ్యని పిలు."

ఆయన అక్కయ్య, అంటే కోడలికి పెద్దమ్మగారు, మేడమీద రేకుల గదిలో ఉంటారు. ఎండలకి ఉడికిపోతున్నా, కింద ఏసీ గదిలో పడుకోమంటే, "ఒకరి గదిలో దూరి చల్లబడే ఖర్మ నాకేం పట్టలేదు" అంటారు. పరీక్ష అనగానే మాత్రం కళ్లజోడు తుడుచుకుని వచ్చి, వెనకసీటులో దర్జాగా కూర్చున్నారు.

ఇక రోజూ మధ్యాహ్నం అదే తంతు. బానెట్ ఎత్తడం, లీకుల కోసం సబ్బునురగ పూయడం, కేక వేయడం.

"అక్కయ్యా, ఎలా ఉంది?"

"ఎడమపక్క కాస్త తక్కువరా."

"విన్నావా కోడలా? ఇంకా కాలేదు!"

ఒకరోజు నాలుగింటికల్లా పుట్టినరోజు కేకు అందించాలి. మూడున్నరకీ బానెట్ దిగలేదు. కోడలు కేకు పెట్టె పట్టుకుని విసవిసా వచ్చింది.

"మామయ్యా, మీకు పుణ్యముంటుంది, కారు వదలండి!"

"ష్..."

ఆయన చేతిలో మీటరు ఊరికే వేలాడుతోంది. దేనికీ తగిలించి లేదు! కోడలు ఒళ్లు మండి వెనక తలుపు తీసింది. చల్లటి గాలి ముఖానికి కొట్టింది. లోపల పెద్దమ్మగారు నోరు తెరుచుకుని గాఢనిద్రలో ఉన్నారు.

"పైన కంటిమీద కునుకు లేదమ్మా అక్కయ్యకి," అని గొణిగారు మామగారు.

"ఆ ముక్క నాతో చెప్పొచ్చుగా!"

"నీకు చెప్తే తనకీ తెలుస్తుంది. దిగి వెళ్లిపోతుంది."

కోడలు తల పట్టుకుంది. తర్వాత చప్పుడు కాకుండా బానెట్ దించి, కేకును ముందు సీట్లో పెట్టి, పెద్దమ్మగారితో సహా బయలుదేరింది.

కేకు చెక్కుచెదరకుండా చేరింది. తిరుగుదారిలో పెద్దమ్మగారు కళ్లు తెరిచారు.

"ఏమ్మాయ్, బాగైందా?"

కోడలు పెద్దగా నిట్టూర్చింది. "ఎక్కడ పెద్దమ్మగారూ! ఎడమపక్క ఇంకా తక్కువే. రేపు మళ్లీ మీరు కూర్చోవాల్సిందే."

"అనుకున్నాలే," అంటూ ఆవిడ కళ్లజోడు సర్దుకున్నారు. "బడి గంట బాగుచేసినప్పుడూ ఇంతే. మోగుతోందో లేదో రోజూ నేనే విని చెప్పాల్సొచ్చింది."