శిథిలాలకు వెళ్ళే లారీలో ముందు సీటు

మా ముత్తాత చికాకోలు దగ్గర మూడూళ్ళకు ఇనాందారు. మా తాత వీధిలోకి వస్తే అరుగుల మీదివాళ్ళు లేచి నిలబడేవారు. జమీందారు కచేరీలో ఆయనకు కుర్చీ వేసేవారు. మా నాన్న ఆ భూములు కోర్టుల్లో పోగొట్టి, అమ్మనూ నన్నూ తీసుకుని ఓడెక్కాడు. నాకు దక్కింది సముద్రం అవతల కెడాలో ఒక రబ్బరుతోట గుమాస్తా పని, కూలీలు చెట్లు గీసి తెచ్చిన రబ్బరు పాలు తూచడం.

తోటకు ఉత్తరాన, కొండ కింద, అడవి నరికిస్తుంటే పాతగుడి పునాదులు బయటపడ్డాయి. మన దేశం నుంచి సముద్రం దాటివచ్చిన రాజులు కట్టించారని చెప్పుకున్నారు. ఎన్నడూ ఏమీ అడగని అమ్మ, వాటిని చూడాలని అడిగింది.

తోటలోని తెలుగువాళ్ళంతా ఒక ఆదివారం పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావాలనుకున్నారు. పాలు తూచే కొట్టం ముందు కూర్చుని ఏర్పాట్లు మాట్లాడుకున్నాం. పులిహోర ఎవరు వండాలో తేలింది. చీనావాడి లారీ కుదిర్చింది కూలీల మేస్త్రీ కంగాణీ, మా తాత పల్లకీ మోసిన బోయీ కొడుకు. డ్రైవరు పక్కన ఒక్కరికే చోటు. అది మా అమ్మదని చెప్పాను. అడగలేదు, చెప్పాను.

“ముందు మా యమ్మ కూకుంటాది బాబూ. మోకాళ్ళు నొప్పి ఆమెకి,” అన్నాడు కంగాణీ.

“మా ఇంటి ఆడవాళ్ళు కూలీల మధ్య కూర్చోరు.”

“మా అయ్య మీ తాత పల్లకీ మోసినాడు, నిజమే. లారీని ఎవులూ మొయ్యక్కర్లేదు లా,” అన్నాడు, ఇక్కడివాళ్ళలా చివర ‘లా’ తగిలించి.

అందరూ నవ్వారు. ఒక ముసలామె, “ఆ గుడి కట్టిన రాజులే మట్టయిపోనారు, మీకేటి బాబూ ఈ సీటు గోల? అమ్మగోర్ని నా పక్కన కూకోబెట్టండి, సాప ఏస్తాను,” అంది.

మేం వేరే కారు మాట్లాడుకుని వస్తామని చెప్పి లేచి వచ్చేశాను. ఇంట్లో చెబితే అమ్మ, “చాప వేస్తానందిగా, ఇంకేం కావాలిరా? వెనకే కూర్చుంటాను,” అంది. వాళ్ళు పరిచిన చాప మీద, వాళ్ళ దయ మీద. నేను ఒప్పుకోలేదు. ఇప్పుడైనా ఒప్పుకోను.

సుంగై పటానీ పట్నం నుంచి పొద్దున్నే రావలసిన బాడుగ కారు మధ్యాహ్నం బాగా దాటాక వచ్చింది. మేం కారెక్కడం చూడడానికి తెలుగు కూలీల లైను ఇళ్ళలో ఎవరూ లేరు. సగం దారిలో వాళ్ళ లారీ తిరిగి వస్తూ ఎదురైంది. ముందు కూర్చున్న కంగాణీ తల్లి అమ్మకు దణ్ణం పెట్టింది. అమ్మ మోకాలెత్తు ఇటుకల చుట్టూ ఒక్కతే తిరిగి, పోదాం పద అంది.

ఆ కారు బాడుగకు అమ్మ రవ్వల ముక్కుపుడక అమ్మాం.