మా ఖరాదుకు ఇనుప మోచేయి

మొన్న పాత సామాను కొనే అతను మా ఇంటి ముందు బండి ఆపాడు. వరండా మూలన ఉన్న ఇనుప వస్తువును కాలితో కదిపి, "గిదేందమ్మా, బోరింగు చెయ్యా?" అని అడిగాడు. పక్కనే ఉన్న నా మనవరాలికీ తెలియదు. అది ఏమిటో, ఎందుకు చేయించామో చెప్పగలిగిన వాళ్ళలో మిగిలింది నేనూ, దాన్ని చేసిన వెల్డింగు భాయీ. ఇద్దరికీ వయసు మీద పడింది. అందుకని రాసి పెడుతున్నాను.

మా ఇంటాయన ఖరాదు పని చేసేవారు. ఖరాదంటే చెక్కను గిరగిర తిప్పే మిషను. తిరుగుతున్న చెక్కకు ఉలి ఆనించి గుండ్రంగా తీస్తారు. మంచం కోళ్ళు, చపాతీ కర్రలు సిద్దిపేటలో ఇంకొందరు కూడా చేసేవాళ్ళు. ఒగ్గు కథ చెప్పేవాళ్ళ డోలు గుల్లలు, అంటే తోలు కట్టే చెక్క పీపాలు, మాత్రం చింతమడక నుంచీ, చేర్యాల నుంచీ మా దగ్గరికే వచ్చి చేయించుకునేవాళ్ళు. డోలు మూతి చిన్నది, నడుము పెద్దది. వంకర కొన ఉన్న పొడుగాటి ఉలిని మూతిలోంచి దూర్చి, కంటికి కనపడని చోట చెక్క తీయాలి.

తొంభైల మొదట్లో అట్లా తీస్తుండగా ఉలి లోపల ఇరుక్కుంది. మిషను ఆగలేదు. ఉలి మెలి తిరిగి ఆయన కుడి మణికట్టు విరిగింది. దవాఖానలో కట్టు కట్టారు. ఎముక అతికింది గానీ పట్టు తిరిగి రాలేదు. చాయ గ్లాసు పట్టుకున్నా చెయ్యి వణికేది. మెలి పడే పని ఇక వద్దని డాక్టరు చెప్పారు.

మా బావ, అంటే ఆయన అన్న, ఇంటికి వచ్చి కూర్చున్నారు. "మిషను అమ్ముదాం తమ్మీ. ఒకాయన అడుగుతుండు. నువ్వు నా దుకాణంల కూసో. ఫ్యాను కింద పని, పొట్టు లేదు, దుమ్ము లేదు."

"సూద్దాం అన్నా," అన్నారు ఆయన. దసరా దాటాక కొనే మనిషిని తీసుకొస్తానని బావ వెళ్ళిపోయారు. మా ఆయన మీసం రాక ముందు నుంచి ఆ మిషను ముందే కూర్చున్న మనిషి. అది పోతే ఈయన ఏమవుతారన్నదే నా భయం.

నేను ఏడో తరగతి దాకే బడికి పోయాను. మిగతా చదువంతా గ్రంథాలయంలో చదివాను. ఆ మాట చెప్పుకోవడం నాకు గర్వమే. మధ్యాహ్నం గిన్నెలు తోమాక వెళ్ళి, నిఘంటువు పక్కన పెట్టుకొని ఇంగ్లీషు కూడా కూడబలుక్కునేదాన్ని. ఆయన చెయ్యికి ఏదైనా ఉపాయం దొరుకుతుందేమోనని ఈసారి నేను బీరువాలన్నీ వెతుకుతుంటే లైబ్రరీ సారు అడిగారు.

"ఏం గావాలమ్మా? కుట్లు అల్లికలు గా మూలకున్నయి."

"చెక్క పని పుస్తకం గావాలె సార్."

"కాయితం గూడ చెక్కతోనే అయితది. ఏదన్న తీస్కో," అని నవ్వారు. తర్వాత ఆయనే స్టూలు ఎక్కి, ఎవరో ఇచ్చిపోయిన విదేశీ పత్రికల కట్ట దించి, దుమ్ము దులిపి నా ముందు పెట్టారు.

అందులో ఒక బొమ్మ దగ్గర నా వేలు ఆగింది. మిషను వెనుక ఒక స్తంభం. దానికి కీలుతో అతికిన ఇనుప ముక్క, మళ్ళీ కీలు, ఇంకో ముక్క. దాని చివర ఉలి కడ్డీ. భుజం, మోచేయి ఉన్న మనిషి చెయ్యిలాగే ఉంది. చదవగా చదవగా అర్థమైంది. ఉలిని గట్టిగా పట్టి ఉంచేది ఆ ఇనుప చెయ్యి, మనిషి దాన్ని నడిపిస్తాడంతే. ఉలి ఇరుక్కుంటే ఆ మెలి ఇనుము మీద పడుతుంది, మణికట్టు మీద పడదు. లోపల చెక్క తీయడానికి ఇంకా రెండు రకాల ఏర్పాట్లు కూడా ఆ పత్రికల్లో ఉన్నాయి. బొమ్మలు గీసుకొని, ఆయనను తీసుకొని వెల్డింగు భాయ్ దుకాణానికి వెళ్ళాను.

భాయ్ బొమ్మలన్నీ చూసి, పొడుగు పిడి ఉన్నదాన్ని చూపించి అన్నాడు, "ఇంత తిప్పలెందుకు అక్కా? లంబా పైపు పెడ్త. సంకల పెట్టుకొని నొక్కుతడు."

"మెలి పడితే సంక ఇరుగుతది భాయ్. మణికట్టు ఇరిగింది చాలదా?"

రెండో బొమ్మలో కడ్డీ రెండు పట్టాల నడుమ ముందుకూ వెనక్కూ జరుగుతుంది. మా ఆయన దానికే మొగ్గారు. "గిది నయమున్నది. కీళ్ళు లెవ్వు, ఊగది."

అదీ నిజమే. కానీ ఆయన నేల మీద పీట వేసుకొని కూర్చునే పని చేసేవారు. వీపు వెనుకే గోడ. అంత పొడుగు కడ్డీని వెనక్కి లాగితే ఆయన రొమ్ముకే తగులుతుంది. పైగా డోలు నడుము దగ్గర ఉలి పక్కకు తిరగాలి.

"నా మోచెయ్యి కట్టేస్తే బువ్వ ఎట్ల తింట?" అని చెయ్యి చాచి చూపించాను. "మడిచే చెయ్యే గావాలె."

ఆయన తన కుడి చేతిని చూసుకున్నారు. దాన్ని మెల్లగా మడిచి, చాపి, మళ్ళీ మడిచారు. "సరే, మడిచేదే చెయ్యి భాయ్," అన్నారు.

పత్రికలోని మనిషి నిలబడి పని చేస్తున్నాడు. అందుకని ఆయనను పీట మీద కూర్చోబెట్టి, ఆ ఎత్తుకే స్తంభం కొలత తీసుకున్నాం. పాత ఆటో చక్రాల బేరింగులతో భాయ్ కీళ్ళు కట్టాడు. కీలు పక్కలకు తిరగాలి గానీ కిందికీ మీదికీ ఊగకూడదని నేను చదివింది చెప్పాను. భాయ్ చివరన తన బరువంతా వేసి నొక్కాడు. "సూడు అక్కా, నేనే అలిసిపోయిన, ఇది కదల్లే."

అది మిషనుకు బిగించేసరికి దసరా వచ్చింది. మా అత్త, అంటే ఆయన అమ్మ, ఉలులన్నీ కడిగి, పసుపు కుంకుమ పెట్టింది. కొత్తది గనుక ఇనుప చెయ్యికి మర్యాద ఎక్కువ చేసింది. భుజానికీ మోచేతికీ పసుపు ముద్దగా మెత్తి, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్ళు కీళ్ళ మీద పోసింది. మేమంతా దండం పెట్టుకున్నాం.

పండుగ తర్వాత ఆయన వేప మొద్దు బిగించి కూర్చున్నారు. ఇనుప చెయ్యి సాఫీగా తిరగలేదు. ఆగుతూ, ఒక్కసారి జారుతూ పోయింది. అట్లా జారినప్పుడు ఉలి డోలు పక్క చెక్కలోకి దిగి గుల్ల చీలింది. ఆయనకు దెబ్బ తగల్లేదు. మిషను బందు చేసి, చీలిన గుల్లను విప్పి పక్కన పెట్టారు.

"ఇగ చాలు. అన్నకు కబురు పంపు," అన్నారు.

నేను పంపాను. పంపక ఏం చేస్తాను?

మరునాడు పొద్దున అక్కడ ఊడుస్తుంటే స్తంభం మీద చీమల బారు కనిపించింది. వరుసగా ఎక్కి మోచేతి కీలులోకి దూరుతున్నాయి. ఇనుములో చీమలకేం పని అనుకున్నాను. పానా తెచ్చి కీలు విప్పాను. కొబ్బరి నీళ్ళూ పసుపూ కలిసి ఎండి, బేరింగు గుండ్ల మధ్య గట్టిగా పట్టుకొని ఉన్నాయి.

అత్త వచ్చి చూసింది. "దేవునికి చేసింది గూడ తప్పయితదా బిడ్డా?"

"తప్పు గాదత్తా. బేరింగుకు దేవుడు ఎర్క లేదు."

ఆమె కొంగు దోపుకొని, కిరసనాయిలు గిన్నె పట్టుకొని నా పక్కనే కూర్చుంది. ఇద్దరం గుండ్లు కడిగి, ఆరబెట్టి, గ్రీజు పెట్టి బిగించాం. ఈసారి వేలితో తోస్తే చెయ్యి తిరిగింది. ఆయనను పిలిచి తోసి చూపించాను. ఆయన తన వేలితో ఒకసారి తోశారు. వెళ్ళి కొత్త మొద్దు తెచ్చారు.

ఆదివారం బావ కొనే మనిషిని వెంటబెట్టుకొని వచ్చేసరికి మిషను నడుస్తోంది. చెక్క పొట్టు ఆయన మోకాళ్ళ దాకా పేరుకుంది. ఆయన ఎడమ చెయ్యి ఇనుము మీద, వణికే కుడి చెయ్యి దాని పక్కన ఊరికే ఆని ఉంది. బావ గుమ్మంలో నిలబడి చాలాసేపు చూశారు.

"చాయ తాగి పో అన్నా," అన్నారు బావ, వచ్చిన మనిషితో. "మిషను ఖాళీ లేదు."

ఆ గుల్లకు తోలు కట్టించుకున్న ఒగ్గు పెద్దమనిషి మా వాకిట్లోనే ఒక దెబ్బ వేసి చూశాడు. "చెయ్యి బాగైందా తమ్మీ?" అని అడిగాడు.

"పాతది బాగు గాలే. కొత్తది మొలిచింది," అన్నారు ఆయన. కట్టు విప్పిన తర్వాత ఆయన నవ్వగా చూసింది అప్పుడే.

ఆ చెయ్యితోనే ఆయన ఆఖరు దాకా పని చేశారు. ఇప్పుడు ఆయన లేరు. పాత సామాను అతన్ని నేను ఉత్త చేతులతోనే పంపాను.

ఇందులో పేర్లు రాయలేదు, తెలిసినవాళ్ళు గుర్తుపడతారు. స్టూలెక్కి కట్ట దించిన లైబ్రరీ సారుకు దండాలు. తన బరువంతా వేసి కీలు పరీక్షించిన భాయ్‌కి, కొనే మనిషిని గుమ్మంలోంచే తిప్పి పంపిన బావకు, వాకిట్లో డోలు మోగించిన పెద్దమనిషికి కూడా. ఆ తర్వాతి దసరా నుంచి పూజకు ముందు కీళ్ళకు తన చేత్తోనే గుడ్డ చుట్టిన మా అత్తకు. పనికి కూర్చునే ముందు ప్రతిసారీ "కీలు చూసినవా?" అని నన్నే అడిగి, నేను చూశానంటేనే మిషను వేసిన ఆయనకు.