ఓపల్ అత్త కత్తెర

మా ఓపల్ అత్త ముప్పై ఒక్క ఏళ్లు చొక్కాల ఫ్యాక్టరీలో గుడ్డ కత్తిరించింది. ఫ్యాక్టరీ మూసేసిన రోజు మిగతావాళ్లంతా గేటు దగ్గర ఏడుస్తూ నిలబడితే, ఆవిడ తన కత్తెర చేతిసంచిలో వేసుకుని తిన్నగా ఇంటికొచ్చేసింది. ఆ కత్తెర ఇప్పుడు మా వేట గుడిసెలో పొయ్యి పక్కన వేలాడుతూ ఉంటుంది. అలబామాలో మా వైపు జింక మీద గురి తప్పినవాడి చొక్కా వెనక అంచు కత్తిరించి, పేరూ తేదీ రాసి గోడకు మేకు కొడతారు. మా గోడ మీద పద్నాలుగు ముక్కలున్నాయి. అందులో తొమ్మిది నావే. నాకు మంచి చొక్కాలు కొనడం మా ఆవిడ ఎప్పుడో మానేసింది.

గురి తప్పితే నవ్వుకుంటాం. గాయపడ్డ జింక తప్పించుకుపోతే మాత్రం ఎవరూ నవ్వరు. అది దొరికేదాకా గుడిసెలో ఎవరూ ముద్ద ముట్టకూడదని అత్త నియమం. బటన్ అని ఆవిడకో పొట్టికాళ్ల కుక్క ఉంది. ఎండుటాకు మీద ఆరిపోయిన నెత్తుటి చుక్కను కూడా అది వాసన పడుతుంది. చుట్టుపక్కల ఎవరి చేతిలో జింక గాయపడినా ముందు అత్తకే కబురు వస్తుంది. డెబ్భై నాలుగేళ్ల మనిషి, మోకాళ్లను తిట్టుకుంటూ, కుక్క తాడు పట్టుకుని ముళ్లపొదల్లో దూరుతుంది. అందుకు ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోదు. జింక దొరికాక దాన్ని గాయపరిచినవాణ్ణి మాత్రం తిట్లతో కడిగేస్తుంది.

పోయినేడు నా కుడి భుజానికి ఆపరేషన్ అయింది. నిచ్చెన మీంచి పడ్డానని ఊరంతా చెప్పాను. నిజానికి నేను జారిపడింది స్నానాలగదిలో, సబ్బు మీద. వెనక్కి తన్నే తుపాకీ ఇక ముట్టొద్దని డాక్టరు చెప్పేసరికి ఓ గాలి తుపాకీ కొన్నాను. పిచ్చుకల్ని కొట్టే బాపతు కాదు. చిటికెనవేలంత లావు సీసపు గుండు వేస్తుంది, మా రాష్ట్రంలో జింక వేటకు దానికి అనుమతి కూడా ఉంది. నెల రోజులు వీడియోలు చూసి పెద్ద పండితుణ్ణయిపోయాను. మంగలి షాపులో గడ్డం చేయించుకుంటూ, చర్చి మెట్ల మీద అందరి దారికీ అడ్డం నిలబడి, గాలికి ఎంత బలముందో ఉపన్యాసాలిచ్చాను.

మా చెల్లెలి మొగుడు హోయ్ట్ బావ నా తుపాకీని అటూ ఇటూ తిప్పి చూశాడు. "దీంతో జింకను చంపుతావా, దాని చెవిలో ఈల వేస్తావా?" అన్నాడు.

అత్త నవ్వలేదు. "ఎంత దూరంలో కొడతావురా?" అని అడిగింది.

"యాభై గజాల లోపే అత్తా."

"గాలి నిండుగా ఉంటేనా, ఎంతున్నా పరవాలేదా?"

"నిండుగా ఉంటే రెండు గుళ్లు బ్రహ్మాండంగా పోతాయి. మూడోదానికి కాస్త నీరసం. ఆపైన మళ్లీ పంపు కొట్టుకోవాలి."

"అయితే తుపాకీతో నాకు పేచీ లేదు," అంటూ అత్త నన్ను ఎగాదిగా చూసింది.

నవంబరులో వేట మొదలయ్యే ముందురోజు మధ్యాహ్నం గుడిసె చేరాం. బావ కంచె మీద మూడు గుమ్మడికాయలు పెట్టాడు. మూడు గుళ్లకు మూడూ పగలగొట్టి, పెళ్లికొడుకులా అటూ ఇటూ తిరిగాను. ఆ తర్వాత పంపు కొట్టడానికి కూర్చున్నాను. నిండాలంటే రెండు వందల పైచిలుకు కొట్టాలి. అరవై కొట్టేసరికి భుజం మొరాయించింది. అదే సమయానికి లోపల్నించి కూర వాసన కూడా వచ్చింది. మీటరు ముల్లు, గాలి నిండిందని చెప్పే పచ్చగీతకు చాలా ఇవతలే ఆగింది. కాస్తే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

తెల్లవారాక నా మంచెకు నలభై గజాల్లో ఓ ఆడజింక వచ్చి అడ్డంగా నిలబడింది. ముందుకాలి వెనక గురిపెట్టి మీట నొక్కాను. జింక నడుము వంచి, తోక కాళ్లమధ్య ముడుచుకుని, కుంటుతూ పొదల్లోకి పోయింది. గురి తప్పిన జింక తోక ఎగరేసి పోతుందని మా దగ్గర చిన్నపిల్లలకు కూడా తెలుసు. దిగి చూస్తే నేలమీద తెల్లటి ముతక వెంట్రుకలు కనిపించాయి, పొట్టవి. గాలి చాలక గుండు కిందికి దిగిపోయింది. చుట్టూ చూశాను. ఎవరూ లేరు. బూటుతో ఆ వెంట్రుకల మీదికి ఎండుటాకులు తోసేశాను. అరవై రెండేళ్ల బతుకులో నేను చేసిన పనుల్లో నాకు ఎక్కువ సిగ్గు వేసేది అదే.

గుడిసెలో అత్త వేడివేడి రొట్టెలు, సాసేజీలు పళ్లేల్లో సర్దుతోంది.

"ఏమైందిరా?" అంది.

"తప్పింది అత్తా."

బావ పొట్ట పట్టుకుని నవ్వాడు. "గాలికి కొట్టుకుపోయిందా గుండు?"

అత్త కత్తెర అందుకుంది. "తోక ఎగరేసిందా?"

"జెండాలా ఎగరేసింది."

ఆవిడ ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, చొక్కా అంచు తిన్నగా కత్తిరించింది. పదో ముక్క గోడకెక్కింది. అందరం బల్ల చుట్టూ కూర్చున్నాం. అత్త కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. "ప్రభువా, ఈ తిండికి వందనాలు. ఈ పూట మా వల్ల ఈ అడవిలో ఏ ప్రాణీ నొప్పితో పడి లేనందుకు వందనాలు."

ఆమెన్ అనాల్సిన చోట, "తగిలింది అత్తా," అన్నాను.

బావ కొరకబోయిన రొట్టెను పళ్లెంలో పెట్టేశాడు. అత్త పొయ్యి ఆర్పి, పళ్లేల మీద గుడ్డ కప్పి, తన మొగుడి పాత తుపాకీ బావ చేతికిచ్చి, బటన్‌ను పిలిచింది.

మంచె కిందికి చేరగానే బటన్ ఆకుల్ని కాలితో గీరింది. అత్త వంగి ఆ వెంట్రుకలు ఏరింది. "ఆకులు ఎవరు కప్పారు?"

"నేనే."

తిడుతుందని నిలబడ్డాను. తిట్టలేదు. ఆ మనిషి తిట్టకుండా నడుస్తుంటే వెనక నడవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. రెండు గంటలపాటు వాగు వెంట, ముళ్లలో, బురదలో ఆవిడ మోకాళ్లు ఈడ్చుకుంటూ వెళ్లింది. నేను వెనకాల నా గాలి తుపాకీ మోశాను.

జింక వాగు ఒడ్డున పడి ఉంది. మమ్మల్ని చూసి తల ఎత్తింది. లేవలేకపోయింది. నా తుపాకీలో గాలి పొద్దుటికంటే తక్కువే. ఇంకో రెండొందలు కొట్టేదాకా దాన్ని అలా ఉంచలేం. అత్త బావ దగ్గరున్న పాత తుపాకీ తీసుకుని నా చేతికిచ్చింది.

"తన్నుతుంది," అంది.

"తన్ననీ."

ఒక్క దెబ్బకు జింక తల వాల్చేసింది. నా భుజంలో నిప్పు పెట్టినట్టయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. భుజం నొప్పి అని బావకు చెప్పాను. అది భుజం నొప్పి కాదు.

జింకను ఈడ్చుకుని గుడిసెకు వచ్చేసరికి మధ్యాహ్నం మూడయింది. రాళ్లలా గట్టిపడ్డ రొట్టెలే అందరూ తిన్నారు. అత్త గోడ మీది నా పదో ముక్క ఊడబీకి, సూదీ దారంతో సహా నా ముందు పెట్టింది.

"ఇది గురి తప్పినవాళ్ల గోడరా. నీకు తప్పలేదు. కుట్టుకో."

కుట్టాను. వంకర పోయిందని విప్పించింది. మళ్లీ కుట్టాను. ముప్పై ఒక్క ఏళ్లు చొక్కాల మధ్య బతికిన కళ్లతో చూసి మళ్లీ విప్పించింది. మూడోసారికి చీకటి పడుతోందని వదిలేసింది.

ఇప్పుడు మంచె ఎక్కే ముందు రెండు వందల పన్నెండు సార్లు పంపు కొడతాను, యాభైకోసారి కూర్చుని ఊపిరి పీల్చుకుంటూ. గుమ్మడికాయల జోలికి పోను. వేట రోజుల్లో ఆ చొక్కానే వేసుకోవాలని అత్త ఆజ్ఞ. గాలి తుపాకీ జింకకు సరిపోతుందా అని మంగలి షాపులో ఎవరైనా అడిగితే, సరిపోతుందనే చెబుతాను. చొక్కా ప్యాంటులోకి బాగా దోపుకుని మరీ చెబుతాను.

అత్త పక్కనుంటే మాత్రం, "బయటికి తీసి చెప్పరా," అంటుంది.